మెదక్‌లో గొంగడి కప్పుకున్న ఓవెన్

మా ఇంటికి ఓవెన్ వచ్చిన మొదటి నెలలోనే నేను మూడు జతల చెప్పులు తయారుచేశాను. మేక పక్కటెముకలతో. పైకి నల్లగా మెరుస్తూ, దొరల బల్ల మీద పెట్టేటట్టే ఉండేవి. కొరికితే మాత్రం పన్నే వెనక్కి తగ్గేది. మా ఆవిడ ఒక ముక్కను పది నిమిషాలు నమిలి, "ఏవండీ, ఇది తినేదా, తొడుక్కునేదా?" అని అడిగింది. బాపట్లలో మాంసం వేపుడు పార్సిల్ కొట్టు నడుపుకునేవాడి ఇంట్లో ఇలాంటి మాట పుట్టిందంటే, అది సాయంత్రానికి కొట్టు దగ్గరికి నడిచి వస్తుంది. అందుకని మెదక్ వెళ్లాను.

ఇది జనానికి చెప్పిన కారణం. అసలు కారణం ప్రభుదాసు.

ప్రభుదాసు, నేను హైదరాబాదులో ఒక పెద్ద హోటలు వంటింట్లో ఇరవై ఏళ్లు పక్కపక్కన నిలబడి చెమట కార్చాం. ఏడో తరగతిలో నేను బడిని వదిలేశాను, లేదా బడే నన్ను వదిలేసింది. ఆ తగువు ఇంకా తేలలేదు. వాడు పది దాకా చదివాడు కాబట్టి ఇంగ్లీషు చీటీలు వాడే చదివి చెప్పేవాడు. పరాయి దేశాల కంపెనీలు ఒక్కసారిగా ఊళ్లోకి దిగిన కాలం అది. టై కట్టుకున్నవాళ్లు వచ్చి బార్బెక్యూ రిబ్స్ కావాలనేవాళ్లు. నాకు ఆ పేరు పలకడం రాకముందే వాడికి వండటం వచ్చేసింది. వాడు వండితే, నిద్రపోయిన పిల్లాడి చేతిలోంచి బొమ్మ జారినట్టు, ఎముక మీంచి మాంసం జారేది.

వాడి పని వండటం, నా పని నవ్వించడం. ఎక్కువగా వాడి మాట తీరు మీదే. వాడి మెదక్ తెలుగును గొంతుతో సహా దింపి చూపిస్తే వంటిల్లంతా పొట్ట పట్టుకునేది. వాడూ నవ్వేవాడు. ఇరవై ఏళ్లు అదే జోకు, అదే నవ్వు.

ఇద్దరం హోటలు మానేసి ఎవరి ఊరికి వాళ్లం చేరాక, పాత వంటవాళ్లమంతా ఒకసారి హైదరాబాదులో కలిశాం. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కుతున్న రోజులు. వాడు భార్యను, కూతురిని కూడా తీసుకొచ్చాడు. భోజనాల దగ్గర నేను మామూలుగానే మొదలుపెట్టి, చివర్లో, "మీకు రాష్ట్రం ఇస్తే అసెంబ్లీలో తర్జుమాకి ఒక మనిషిని పెట్టాలిరా!" అన్నాను. అందరూ నవ్వారు. ప్రభుదాసు సగం తిన్న పళ్లెం కింద పెట్టి, చెయ్యి కడుక్కుని, పెళ్లాన్ని, కూతురిని తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత రెండేళ్లు వాడు నాతో మాట్లాడలేదు. ఫోను ఎత్తలేదు. ఎండుచేపలు పార్సిల్ పంపిస్తే, దారి పొడుగునా వాసన పంచిపెట్టి మళ్లీ నా దగ్గరికే వచ్చాయి. ఆఖరికి వాడి భార్య మార్తమ్మకు ఫోను చేసి, "చెల్లెమ్మా, ఓవెన్‌లో రిబ్స్ నేర్చుకోవాలి, వస్తాను" అన్నాను.

"రా అన్నా," అంది ఆమె. "బువ్వ పెడ్త, పక్క ఏస్త. గాయన మాట్లాడ్తడని మాత్రం నేను జమానత్ ఇయ్య."

నర్సాపూర్ అడవిలో సీతాఫలం

బస్సు నర్సాపూర్ అడవిలోకి వచ్చేసరికి ముసురు పట్టింది. చెట్ల మధ్య పొగమంచు, పాలు పొంగకముందు గిన్నె అంచున లేచే ఆవిరిలా, పైకా కిందికా తెలియకుండా ఊగుతోంది. కిటికీకి తల ఆనించి చూస్తుంటే మేలుకున్నానో కలగంటున్నానో నాకే అర్థం కాలేదు. నేను బతుకంతా సముద్రం పక్కన ఉన్నవాణ్ణి. మా వైపు దూరం అంటే కంటికి కనపడుతుంది. ఇక్కడ దూరం చెట్ల వెనక దాక్కుంటుంది.

పక్క సీటులో ఒక పెద్దాయన, ఒళ్లో సీతాఫలాల గంప. నా వైపు ఒకటికి రెండుసార్లు చూశాడు.

"యాడికెళ్లి వస్తున్నవ్?"

దారి పొడుగునా ఊళ్లలో జెండాలు, గోడల మీద నినాదాలు చూస్తూ వచ్చాను. ఒక్క క్షణం ఆలోచించి, "బాపట్ల నుంచండీ," అన్నాను. ఆ 'అండీ' నోట్లోంచి దానంతటదే దూకేసింది.

"ఆంధ్రానా?" ఆయన గడ్డం గోక్కున్నాడు. "ఏం గాదు తియ్. బస్సుల ఏమనం. దిగినంక జూస్తం."

నా మొహం ఎలా మారిందో గానీ బస్సులో వెనక మూడు వరసలు నవ్వాయి. ఆయన మాత్రం నవ్వకుండా గంపలో వెతికి, బాగా కన్ను విచ్చిన పండు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. "తిను. భయపడ్డోనికి తీపి మంచిది."

పైసలు ఇవ్వబోతే చెయ్యి నెట్టేశాడు. మా ఊళ్లో అయితే ఆ సైజు పండు పది రూపాయలకు తక్కువ ఇవ్వరు, పైగా భయపెట్టినందుకు వేరే తీసుకుంటారు. మెదక్ బస్టాండులో దిగినప్పుడు నా సంచి కూడా ఆయనే కిందికి దించి, "దిగినవ్ గదా, చూసిన. పో ఇగ," అని గంప నెత్తిన పెట్టుకుని వానలోకి వెళ్లిపోయాడు.

అడుగున్నర దూరం

మెదక్‌లో నేను మొదట చూసింది చర్చి గోపురం. చూశాను అనడం కూడా తప్పే, సగమే కనిపించింది. మిగతా సగం మబ్బులో ఉంది. బస్టాండు దగ్గర అయిదు రూపాయల చాయ్ తాగుతూ, మబ్బు ఆ గోపురాన్ని కాసేపు మింగడం, కాసేపు వదలడం చూస్తూ ఉండిపోయాను. ఇక్కడి చాయ్ మా వైపు కంటే చిక్కన, గ్లాసు మా వైపు కంటే చిన్నది. రెండోది అడిగితే చాయ్ అతను, "పరేషాన్ల ఉన్నట్టున్నవ్ అన్నా," అన్నాడు. ఎలా తెలిసిందో అడగలేదు.

ప్రభుదాసు ఇల్లు చర్చి వెనక వీధిలో, పెంకుటిల్లు, ముందు జామచెట్టు. వాడు అరుగు మీద కూర్చుని కుంపటికి బొగ్గులు కొడుతున్నాడు. జుట్టు మొత్తం నెరిసింది. నన్ను చూశాడు. నేను సంచి కింద పెట్టాను. వాడు లేచి, బొగ్గుల చేతులు దులుపుకుని, లోపలికి వెళ్లిపోయాడు.

మార్తమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. "రా అన్నా, కాళ్లు కడుక్కో. తలుపైతే మూయలే గదా, గది చాలు ఇయ్యాలకు." కాళ్లు కడుక్కుంటూ బస్సులో పెద్దాయన, సీతాఫలం సంగతి ఆమెకు చెప్పాను.

కూతురు హైదరాబాదులో చదువుకుంటోందట, ఇంట్లో ఇద్దరే. రాత్రి భోజనానికి జొన్నరొట్టె, పుంటికూర పప్పు. పుంటికూర అంటే మా గోంగూరే. పేరు మార్చుకుని వేరే ఊళ్లో కాపురం పెట్టిన చుట్టాన్ని చూసినట్టు దాన్ని చూసి తెగ సంతోషపడ్డాను. మా ఇళ్లలో వచ్చినవాడిని కూర్చోబెట్టి నలుగురు నాలుగు వైపుల నుంచి వడ్డిస్తూ తినిపిస్తారు, వద్దంటే అలుగుతారు. ఇక్కడ పళ్లెం ముందు పెట్టి వదిలేస్తారు. కావలసింది నోరు తెరిచి అడగాలి. నా గతి చూడండి, నోరు తెరవడానికే కదా నాకు దారి లేనిది!

ప్రభుదాసు నాకు అడుగున్నర దూరంలో కూర్చున్నాడు.

"మార్తా, గాయనకు ఇంకో రొట్టె కావాల్నా అడుగు."

"కావాలని చెప్పు చెల్లెమ్మా."

"కావాల్నట," అంది మార్తమ్మ.

"ఇన్న."

"ఇంటే మళ్ల నన్నెందుకు అడిగినవ్?" మార్తమ్మ రొట్టె నా పళ్లెంలో వేసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "చర్చిల తర్జుమా చేసినా ఇంత పుణ్యమన్న వస్తుండె. నా ఇంట్ల నేను తెలుగుకు తెలుగు తర్జుమా చేయవడ్తి!"

ఆ మాటకు ముగ్గురం ఒక్కసారే ఆగిపోయాం. ఆమె అనుకుని అనలేదు. ప్రభుదాసు చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. ఈసారి పళ్లెం ఖాళీ చేసే లేచాడు. నేను దాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నాను, ఆశ అలాంటిది.

మాంసం కొట్టు

శనివారం పొద్దున్నే వాడు సంచి పట్టుకుని బయల్దేరాడు. మార్తమ్మ నన్ను వెనక నెట్టింది. వాడు ముందు, నేను పది అడుగుల వెనక. సన్నటి ముసురులో వీధులన్నీ ఉతికి ఆరేసిన బట్టల్లా ఉన్నాయి. పాపన్నపేట నుంచి వచ్చిన ఆటోలు, ఒక్కోదాని నిండా మనుషులు, కూరగాయల మూటలు, ఒకదాంట్లో పైన కట్టేసిన మంచం. వాడు ఒకసారి కూడా వెనక్కి చూడలేదు. కానీ గుంత దాటేటప్పుడల్లా ఒక్క క్షణం నెమ్మదించాడు. గుంత ఉందని నాకు చెప్పడమే అది. నేనూ జాగ్రత్తగా దాటాను.

మాంసం కొట్టులో మేకలు టేక్మాల్ వైపు నుంచి వచ్చినవట. కిలో మూడువందల నలభై. మా ఊరి కంటే ఇరవై తక్కువ. ప్రభుదాసు వేలాడుతున్న మేక పక్కను బొటనవేలితో నొక్కి చూశాడు, ఇంకోటి నొక్కాడు, మూడోది చూపించాడు. పక్కటెముకల మొత్తం పలకను విడగొట్టకుండా అలాగే ఇమ్మని చేత్తో సైగ చేశాడు. నేను బాపట్లలో ఎప్పుడూ ముక్కలు కొట్టించే తెచ్చేవాణ్ణి. చెప్పుల రహస్యాల్లో ఒకటి అక్కడే తెలిసిపోయింది.

కొట్టతను నన్ను చూసి, "ఈన ఎవలు?" అన్నాడు. ప్రభుదాసు వినపడనట్టు త్రాసు వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

కొట్టతను ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "లొల్లి అయిందా ఏంది? అట్లయితె ఒక్క పక్క సాలది. రెండు పక్కలు తీస్కపోండ్రి. ఎవల పక్క వాళ్లు నమలొచ్చు."

రెండు పక్కలూ తీసుకున్నాం.

ఇంటికొచ్చాక వాడు పాఠం మొదలుపెట్టాడు. నాకు కాదు, మార్తమ్మకు. ఆమె వంటింటి గడప మీద కూర్చుని బియ్యం ఏరుకుంటోంది, ఇటు చూడటం కూడా లేదు.

"మార్తా, చూడు. బొక్కల ఎనక ఒక పొర ఉంటది. తువ్వాల కొసతోని గట్టిగ పట్టి గుంజాలె. గిట్ల. ఇది తీయకుంటె ఉప్పుకారం లోపలికి పోదు, బొక్క గట్టిగైతది. కొందరు తీయరు."

'బొక్కలు' అంటే ఎముకలు, 'కొందరు' అంటే నేను. మాట్లాడకుండా రెండో పలక తీసుకుని, తువాలు కొసతో పొర పట్టి లాగాను. చేపకు చర్మం వలిచినట్టు వచ్చేసింది. అంత సుఖం నాకు ఈ మధ్య ఏ పనిలోనూ కలగలేదు.

"ఉప్పు, కారం, శొంఠి, ఇంత బెల్లం పొడి. రుద్దాలె, కొట్టొద్దు. కొందరు మాంసాన్ని పగోన్ని కొట్టినట్టు కొడ్తరు."

"అరే, నేను ముప్పయ్యేండ్ల సంది నీ పెండ్లాన్ని, నాకెందుకు చెప్తవయ్యా ఇదంత?" అంది మార్తమ్మ బియ్యంలోంచి తలెత్తకుండా. ఆమె పెదవి ఒక వైపు వంగి ఉండటం నేను చూశాను.

సాయంత్రం పూత తయారైంది. టమాటాలు, చింతపండు గుజ్జు, బెల్లం, ఎల్లిగడ్డ, నానబెట్టిన ఎండుమిరపకాయలు. ఎల్లిగడ్డ అంటే వెల్లుల్లి. సన్నటి సెగ మీద గరిటె వీపుకు అంటుకునేదాకా ఉడకనిచ్చాడు. హోటల్లో దీన్ని సీసాల్లోంచి పోసేవాళ్లం. ఇది అలాంటిది కాదు. వీధిలో వెళ్లేవాళ్లు నడక తగ్గించి వెళ్లారు. నేను జామచెట్టు కింద కూర్చుని ఆ వాసన పీలుస్తుంటే, ఇరవై ఏళ్ల వంటిల్లు మొత్తం వాన తెర వెనక నుంచి నడిచి వచ్చింది. అందులో ప్రభుదాసు జుట్టు నల్లగా ఉంది.

గొంగడి కప్పుకున్న ఓవెన్

ఇప్పుడు ఈ ఇంట్లో ఉన్న ఒక పద్ధతి చెప్పాలి. ప్రపంచంలో ఇంకెక్కడా ఇలా మాంసం వండుతారని నేను అనుకోను.

ఆదివారం చర్చిలో మొదటి గంట మోగగానే పలకలను ట్రేలో పరిచి, వెండిరంగు రేకు కాగితం కప్పి, అంచుల చుట్టూ గోధుమపిండి ముద్ద ఒత్తి మూసేసి, ఓవెన్‌లోకి తోస్తారు. సెగ నూట యాభై డిగ్రీలు, అంతకు మించదు. తర్వాత ఇంటికి తాళం వేసి ఇద్దరూ ఆరాధనకు వెళ్లిపోతారు. పాటలు, ప్రార్థన, ప్రసంగం, ఆశీర్వాదం. మొత్తం రెండున్నర, మూడు గంటలు. తిరిగొచ్చేసరికి మాంసం తయారు. గడియారం అక్కర్లేదు.

"అయ్యగారు ఎంత పొడుగు చెప్తె బొక్కలు అంత మెత్తగైతయి," అంది మార్తమ్మ. "చిన్న ప్రసంగమైతె ఆనాడు మా ఇంట్ల కూర గట్టి."

కిటుకు సెగలో లేదు, తాళంలో ఉంది. ఇంట్లో మనిషి ఉంటే తలుపు తెరుస్తాడు. మా ఇంట్లో ఓవెన్ పెడితే నేను అయిదు నిమిషాలకోసారి, మా ఆవిడ మూడు నిమిషాలకోసారి, పక్కింటివాళ్లు వచ్చినప్పుడల్లా తెరిచి చూసి, వాసన పీల్చి, "ఇంకా కాలేదా?" అనేవాళ్లం. ఉడకడానికి దానికి తీరిక ఎక్కడ ఇచ్చాం?

ఆ ఆదివారం గంట మోగింది. ట్రే లోపలికి వెళ్లింది. మార్తమ్మ గొడుగు తీసుకుంది. నేను చర్చికి వచ్చేవాణ్ణే గానీ, వానలో తడిసి రెండు రోజులుగా తుమ్ముతున్నాను, ఇంట్లోనే ఉంటానన్నాను. ప్రభుదాసు తెల్ల చొక్కా వేసుకుని గడప దాకా వెళ్లాడు. నన్ను చూశాడు. ఓవెన్‌ను చూశాడు. మళ్లీ నన్ను చూశాడు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, ఓవెన్ ముందు పీట వేసుకుని కూర్చున్నాడు.

"ముప్పయ్యేండ్లల ఒక్క ఆరాధన ఇడువలే ఈన," అంది మార్తమ్మ నాతో. "నిన్ను నమ్మక ఇడుస్తుండు." ఆమె వెళ్లిపోయింది. తర్జుమా చేసే మనిషి లేకుండా ఇద్దరం మిగిలాం.

వాన పెంకుల మీద సన్నగా పడుతోంది. చర్చి నుంచి పాట గాలి వాటున వచ్చి పోతోంది. ఒక చరణం వినిపిస్తే రెండోది వానలో కరిగిపోతోంది. ఓవెన్‌లో ఎర్రటి తీగలు రెండు, నిద్రలో సగం తెరిచిన కళ్లలా. గంటన్నర అలా గడిచింది. నాకు కునుకు పట్టింది.

టప్పుమని శబ్దం. కళ్లు తెరిస్తే ఎర్రటి తీగలు నల్లబడుతున్నాయి. కరెంటు పోయింది. సమ్మెల వల్ల ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో తెలియని రోజులు. పాతికేళ్ల వంటవాడి చేతులు మెదడును అడగవు. మాంసం పాడైపోతుంది, తీసి గ్యాసు మీద పెట్టాలి, అంతే. నా చెయ్యి ఓవెన్ తలుపు మీదికి వెళ్లింది.

"తెర్వకురా రాంబాబూ!"

నా చెయ్యి గాలిలో ఆగింది. వాడి నోరు తెరుచుకునే ఉంది. తను మాట్లాడాడని వాడికే అప్పుడు తెలిసినట్టుంది. రెండేళ్ల మౌనం మేక బొక్కల కోసం పోయినందుకు వాడి మొహంలో ఎంత కోపమో!

"తెరిస్తె ఆవిరంత పోతది," అన్నాడు, గోడతో అన్నట్టు. ప్లగ్గు పీకి, లోపలి గదిలోకి వెళ్లి నల్లటి గొంగడి తెచ్చాడు. గొర్లకాపరులు వానకు కప్పుకునే బరువైన ఉన్ని గొంగడి. దాన్ని ఓవెన్ చుట్టూ రెండు మడతలుగా చుట్టి, కొసలు కింద దోపాడు. చలిజ్వరం వచ్చిన ముసలమ్మను మంచం మీద కూర్చోబెట్టినట్టు ఉంది. "గీ వేడి రెండు గంటలు ఆగుతది. లోపల అదే ఉడుకుతది."

ఇద్దరం చెరో పక్క గొంగడికి భుజం ఆనించి కూర్చున్నాం. ఉన్ని లోంచి వెచ్చదనం మెల్లగా వస్తోంది. ఒకరి మొహం ఒకరికి కనపడదు. అది నాకు సాయపడింది.

"ప్రభూ," అన్నాను. "ఆ రోజు నేను అన్నది తప్పురా. చాలా తప్పు." వెనకాల ఒక జోకు తయారుగా నిలబడింది. దాన్ని మింగాను. ఎముకతో సహా మింగినట్టు దిగింది.

అటు పక్క వాడు జారిన గొంగడి కొసను మళ్లీ లోపలికి దోపాడు.

"ఇరవై ఏండ్లు నవ్విన గదా," అన్నాడు వాడు చివరికి. "ఎందుకు నవ్విన? నవ్వకుంటె మీరంత నన్ను పక్కకు వెడ్తరని నవ్విన. అలవాటయింది. గా దినం నా బిడ్డ నీ పక్కకే కూసున్నది. నువ్వు నా లెక్క మాట్లాడంగనే అందరికన్న ముందు అది నవ్వింది. నా మాటకు నా బిడ్డ నవ్విందిరా. ఇంట్ల అదే మాట్లాడ్తది. అయినా నవ్వింది."

నేను దీన్ని ఎప్పుడూ ఊహించలేదు. రెండేళ్లు నా మాట గురించే ఆలోచించాను; ఆ బల్ల దగ్గర ఎవరెవరు కూర్చున్నారో ఒక్కసారి కూడా గుర్తు చేసుకోలేదు.

"నాకింక కోపం పోలే," అన్నాడు. "చెప్తున్న, మల్ల తెల్వదనకు."

"సరే," అన్నాను.

పాట ఆగి, ప్రసంగం మొదలైనట్టుంది. మాటలు కాక ఒక గొంతు మాత్రం వానలో మూలుగుతూ వస్తోంది. మేమిద్దరం ఆ గొంగడి ముసలమ్మకు చెరో వైపు ఆనుకుని ఎప్పుడు నిద్రపోయామో తెలియదు. మార్తమ్మ తలుపు నెట్టి, కారుతున్న గొడుగుతో గడపలో నిలబడి మమ్మల్ని చూసి, "ఓ ప్రభువా," అంది. ఏ ప్రభువును అందో నేను అడగలేదు.

కరెంటు రాలేదు. గొంగడి విప్పి, పిండి అంచు పగలగొట్టి, రేకు ఎత్తితే లేచిన ఆవిరిలో ముగ్గురి మొహాలూ మాయమయ్యాయి. ప్రభుదాసు కుంపటి రాజేసి, పలకలకు పూత పూసి, నిప్పుల మీద అటూ ఇటూ మూడేసి నిమిషాలు చూపించాడు. బెల్లం చిటపటలాడి అంచులు నల్లబడ్డాయి. కత్తి పెట్టలేదు. రెండు వేళ్లతో ఒక ఎముకను పట్టుకుని లాగితే, మాంసం అక్కడే ఉండిపోయి ఎముక ఒక్కటే తెల్లగా, తడిగా చేతికొచ్చింది.

రుచి గురించి రాయడానికి నా దగ్గర చాలినంత చదువు లేదు. మొదటి ముద్దకు కళ్లు మూశాను, రెండో ముద్దకు తెరవాలనిపించలేదు.

"మార్తా," అన్నాడు వాడు, "మంచిగైందా అడుగు."

అలవాటు అంత తొందరగా పోదు.

రోడ్డు మీద పొయ్యి

సోమవారం బంద్. బస్సులు లేవు. రామాయంపేట దాకా షేర్ ఆటోలో వెళ్తే హైవే మీద ఏదో ఒకటి దొరుకుతుందన్నారు. మార్తమ్మ మిగిలిన పూతను సీసాలో పోసి ఇచ్చింది. ప్రభుదాసు ఇంట్లో లేడు. అనుకున్నదేలే అనుకుని ఆటో ఎక్కి కూర్చున్నాను.

ఆటో కదిలే ముందు ఎవరో నా భుజం నెట్టారు. "జరుగు."

ప్రభుదాసు. చేతి రుమాలు తలకు కట్టుకున్నాడు.

"నువ్వెక్కడికి?"

"తొవ్వల ఎన్ని కాడ ఆపుతరో తెల్వది. అందరు సీతాఫలాలు పెట్టెటోళ్లే ఉండరు. నోరు తెరిస్తివంటె నువ్వేందో తెలుస్తది. నేను మాట్లాడ్త. నువ్వు నోరు మూస్కోని కూసో. నీకు వస్తదా గా పని?"

బతుకులో మొదటిసారి నేను జవాబు చెప్పకుండా తలూపాను.

చెరువుల మీద మంచు ఇంకా విడలేదు. వరి పొలాల మధ్య రోడ్డు, తెల్లటి దాంట్లోంచి వచ్చి తెల్లటి దాంట్లోకి పోతోంది. ఒక ఊరి ముందు ఆటో ఆగింది. రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్చి, వాటి మీద ఇత్తడి గుండిగలు ఎక్కించి, ఊరంతా అక్కడే వంట చేస్తున్నారు. వంటావార్పు అంటారు దీన్ని. రోడ్డును మూసి, మూసిన రోడ్డు మీదే అన్నం వండి, వచ్చినవాడికల్లా పెట్టడం. కోపాన్ని ఇలా చూపించే ఊళ్లను నేను ఇక్కడే చూశాను. పొగ, మంచు కలిసి మనుషులు నడుం పైకి మాత్రమే ఉన్నట్టు తిరుగుతున్నారు.

మెడలో కండువా ఉన్న పడుచువాడొకడు ఆటోలోకి తొంగిచూశాడు. "ఎవలు కాకా ఈన?"

"మావోడే," అన్నాడు ప్రభుదాసు.

అంత మామూలుగా అన్నాడు. నేను బయటికి, పొగలోకి చూశాను. కళ్లు మండాయి, పొగే అయుండాలి.

"మరి మాట్లాడడేంది?"

"పన్ను నొస్తుంది."

నేను గబగబా దవడ పట్టుకున్నాను. తిననిదే కదలనివ్వం అన్నారు. రోడ్డు మీద వరసగా కూర్చోబెట్టి విస్తరాకులు వేశారు. అన్నం, పప్పుచారు. వడ్డిస్తున్న ముసలావిడ ఎర్రంచు చీర బొడ్లో దోపి, గరిటెతో వరస పొడుగునా వచ్చింది. మిగతావాళ్లందరినీ దాటి నా ముందే ఆగింది.

"ఏం పెద్దమనిషీ, ఎట్లుంది చారు?"

నేను దవడ ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"పన్ను నొస్తె నాలిక గూడ పన్జెయ్యదా?"

వరసలో అందరూ తినడం ఆపి చూస్తున్నారు. కండువా పడుచువాడు దగ్గరికి వచ్చాడు. నేను ప్రభుదాసు వైపు చూశాను. వాడు ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగాడు. నన్ను చాలాసేపు చూశాడు. అరుగు మీంచి చూసిన చూపు కాదది.

"చెప్పురా," అన్నాడు. "నీ మాటల్నే చెప్పు. ఎవలేమంటరో నేను చూస్త."

చెయ్యి దవడ మీంచి తీశాను. "బాగుందండీ," అన్నాను. అంతటితో ఆగొచ్చు. కానీ వంటవాణ్ణి. "ఉప్పు కొంచెం తగ్గిందండీ, అంతే."

ఎక్కడో గుండిగ కింద కట్టె ఒకటి పెటిల్లుమంది. ముసలావిడ గరిటె గాలిలోనే ఉంది.

"ఉప్పు తక్కువైతదని తెల్సినప్పుడు," అందామె నిదానంగా, "మీ సముద్రంకెళ్లి ఇంత తేవద్దా? ఉత్త చేతులతోని వస్తరా సుట్టాలింటికి?"

ముందు కండువా పడుచువాడు నవ్వాడు. తర్వాత వరస మొత్తం. అందరికంటే ఆఖరున ప్రభుదాసు మొదలుపెట్టాడు, మొదలుపెట్టి ఆపలేకపోయాడు. ముద్ద విస్తట్లో పడేసి, వంగి, మోకాలు కొట్టుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఇరవై ఏళ్లు వాడి పక్కన నిలబడ్డాను. ఈ నవ్వు నేను ఎప్పుడూ వినలేదు.

ఆవిడకు ఇవ్వడానికి నా దగ్గర మంచి జవాబులు మూడు ఉన్నాయి. మూడూ నాలుక చివరి దాకా వచ్చి నిలబడ్డాయి.

ఒక్కటీ వేయలేదు. విస్తరాకు ముందుకు జరిపాను, ఆవిడ ఇంకో గరిటె పోసింది.